విన్నిపెగ్ సరస్సులో ఈతకు దిగే ముందు: నీటి ఉష్ణోగ్రతను కొలిచి నిర్ణయించుకోవడం ఎలా?

మే నెల మూడో వారం వచ్చిందంటే కెనడాలోని విన్నిపెగ్‌లో ఉన్న తెలుగు కుటుంబాల నుంచి నాకు ఒకే ప్రశ్న పదే పదే వస్తుంది: "అన్నా, లాంగ్ వీకెండ్‌కి గ్రాండ్ బీచ్ వెళ్తున్నాం, నీళ్ళు ఎలా ఉంటాయి, పిల్లల్ని దించవచ్చా?" ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పడం కంటే ఒకసారి పూర్తిగా రాసిపెడితే అందరికీ ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను. కొలతలన్నీ విన్నిపెగ్ సరస్సు దక్షిణ భాగాన్ని, అంటే గ్రాండ్ బీచ్, గిమ్లీ, విన్నిపెగ్ బీచ్ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. ప్రెయిరీ మైదానాల్లోని మిగతా సరస్సులకు కూడా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆరు నెలలు మంచులో గడిపినవాళ్ళకు, ఎండ 28 డిగ్రీలకు చేరిన రోజున నీళ్ళు కనిపిస్తే ఆగడం కష్టం. కానీ గాలి ఒక్క రోజులో వేడెక్కుతుంది, సరస్సుకు వారాలు పడుతుంది. ఈ సరస్సు మీద మంచు సాధారణంగా మే మొదటి, రెండు వారాల్లో కరుగుతుంది. అంటే లాంగ్ వీకెండ్ నాటికి మీరు దిగబోయేది కొద్ది రోజుల క్రితం దాకా గడ్డకట్టి ఉన్న నీరు. నేను వచ్చిన మొదటి సంవత్సరం గిమ్లీలో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, ఇది తెలియకుండానే పరుగున వెళ్ళి నడుము లోతులో మునక వేశాను. ఊపిరి ఎగబీల్చడం ఆగలేదు. నోరు మూసుకోవాలని తెలుసు, మూసుకోలేకపోయాను. కాళ్ళు నేలకు అందుతున్నాయి కాబట్టి నిలబడగలిగాను. అదే లోతులో ఆరేళ్ళ పిల్లవాడికి కాళ్ళు అందవు.

కావలసినవి

నీటిలో తడిసినా పాడవని థర్మామీటరు ఒకటి (చేపల తొట్టెలో వాడేది గానీ, స్విమ్మింగ్ పూల్‌లో తేలేది గానీ, వంటింట్లో వాడే డిజిటల్ పుల్ల గానీ చాలు), రెండు మీటర్ల గట్టి దారం, ప్రతి పిల్లవాడికీ బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్, పెద్దవాళ్ళలో ఈత రాని వారికి కూడా ఒక్కొక్కటి, విజిల్, రెండేసి టవళ్ళు, పొడి ఉన్ని స్వెట్టరు, టోపీ, ఫ్లాస్కులో వేడి టీ గానీ పాలు గానీ, నీళ్ళలో తొడుక్కునే రబ్బరు బూట్లు, ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను.

రబ్బరు బూట్లను అనవసరమని వదిలేయకండి. 2013లో ఈ సరస్సులో జీబ్రా మసెల్ అనే గుల్ల జీవి కనిపించింది, ఆ తర్వాత అది ఒడ్డు పొడవునా వ్యాపించింది. గోరంత ఉండే ఆ ఆల్చిప్పల అంచులు బ్లేడులా పాదాలను కోస్తాయి.

జ్వరం చూసే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, దానిలో కొలత 32 డిగ్రీల పైనే మొదలవుతుంది. నుదుటి ముందు పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా వద్దు, అది నీటి పైపొరను మాత్రమే చూస్తుంది. ఎండకు పైపొర వేడెక్కి ఉంటుంది, మీ ఛాతీ ఉండేది ఆ పొర కింద.

చేయవలసిన పద్ధతి

1. నెలను బట్టి ముందుగా ఒక అంచనా వేసుకోండి.

ఇవి దక్షిణ భాగానికి సుమారు అంకెలు, సంవత్సరాన్ని బట్టి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. మే చివరి వారంలో 8 నుంచి 13 డిగ్రీలు. జూన్ మొదట్లో 13 దగ్గర మొదలై, నెలాఖరుకు 18, 19 దాకా వస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో 19 నుంచి 23 మధ్య ఉంటుంది; సంవత్సరం మొత్తంలో కుటుంబంతో వెళ్ళదగిన కాలం ఇదే. సెప్టెంబరు మొదటి వారంలో 18 దాకా ఉన్నా, నెల చివరికి 12కు పడిపోతుంది. అక్టోబరులో 10 లోపే. నవంబరులో మళ్ళీ గడ్డకడుతుంది.

సెప్టెంబరు గురించి చాలామంది పొరపడతారు. మే 20న 22 డిగ్రీల ఎండ, సెప్టెంబరు 5న 22 డిగ్రీల ఎండ చర్మానికి ఒకేలా అనిపిస్తాయి, కానీ నీళ్ళలో తేడా ఏడెనిమిది డిగ్రీలు ఉంటుంది. సరస్సు వేసవి వేడిని కొంతకాలం దాచుకుంటుంది, చలికాలపు చలిని కూడా అలాగే దాచుకుంటుంది.

ఈ సరస్సు వైశాల్యం సుమారు 24,500 చదరపు కిలోమీటర్లు, కానీ సగటు లోతు 12 మీటర్లే. దక్షిణ భాగంలో అంత కూడా ఉండదు. అంత విశాలంగా, అంత పలచగా ఉంది కాబట్టి వేసవిలో త్వరగా వేడెక్కుతుంది, నాలుగు రోజులు చలిగాలి తగిలితే అంతే త్వరగా చల్లబడుతుంది. సుపీరియర్ సరస్సు సగటు లోతు 147 మీటర్లు, అది జూలైలో కూడా కాళ్ళు కొరికేస్తుంది. ఒంటారియో నుంచి వచ్చిన బంధువులు "లేకు నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి" అంటే, వారు చెప్పేది వారి సరస్సు సంగతి. మన రైడింగ్ మౌంటెన్ పార్కులోని క్లియర్ లేక్ కూడా లోతైనదే కాబట్టి, అక్కడ వేడి ఆలస్యంగా వస్తుందని గుర్తుంచుకోండి.

మే, జూన్ మొదటి వారాల్లో పిల్లలు మరీ మారాం చేస్తే ఒక మార్గం ఉంది. నగరానికి దగ్గరలో ఉన్న బర్డ్స్ హిల్ పార్కులోని చిన్న కృత్రిమ సరస్సు ముందుగా వేడెక్కుతుంది. అక్కడ కూడా కొలిచిన తర్వాతే దింపండి.

2. బయలుదేరే రోజు ఉదయం గాలిని చూడండి.

ఎండ ఎంత ఉందో అందరూ చూస్తారు, గాలి ఎటు వీస్తోందో చూసేవారు తక్కువ. ఈ సరస్సులో ప్రమాదం ఎక్కువగా గాలి నుంచే వస్తుంది. ఎన్విరాన్‌మెంట్ కెనడా (ప్రభుత్వ వాతావరణ శాఖ) వారు విన్నిపెగ్ సరస్సు దక్షిణ భాగానికి విడిగా, పడవలు నడిపేవారి కోసం సముద్రయాన సూచన ఇస్తారు. అందులో గాలి వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 10 నాట్ల లోపు ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. 15 నాట్లు దాటుతుందని ఉంటే ఇసుకలో ఆడుకోవడానికి మాత్రమే వెళ్ళండి.

దిక్కు కూడా చూడండి. గిమ్లీ పడమటి ఒడ్డున ఉంది, గ్రాండ్ బీచ్ తూర్పు వైపున ఉంది. పడమటి గాలి వీస్తున్న రోజు గిమ్లీలో నీరు అద్దంలా ప్రశాంతంగా కనిపిస్తుంది, ఎందుకంటే గాలి ఒడ్డు నుంచి లోపలికి తోస్తోంది. ఆ ప్రశాంతతను నమ్మకండి. వేడెక్కిన పైనీటిని ఆ గాలి లోపలికి నెట్టేస్తుంది, దాని స్థానంలో అడుగు నుంచి చల్లటి నీరు వస్తుంది. గాలి నింపిన బాతు బొమ్మ మీద, రబ్బరు తెప్ప మీద కూర్చున్న పిల్లలను కూడా అదే గాలి నిమిషాల్లో లోతుకు తీసుకుపోతుంది. అదే గాలికి గ్రాండ్ బీచ్‌లో నీరు వెచ్చగా ఉండవచ్చు, కానీ అలలు లేస్తాయి. లోతు తక్కువ సరస్సు కావడంతో ఇక్కడి అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా వస్తాయి. విశాఖ, సూర్యలంక తీరాల్లో అలలు చూసి పెరిగిన వారు కూడా ఇక్కడ తడబడతారు.

ఉత్తరపు గాలి బలంగా వీస్తే సరస్సు నీరంతా దక్షిణానికి తోసుకొస్తుంది, నీటిమట్టం పెరిగి ఇసుక మేరను మింగేస్తుంది. నిన్న మోకాలి లోతున్న చోట నేడు నడుము లోతు ఉండవచ్చు. పైగా తడి ఇసుకలో దాగిన సూక్ష్మక్రిములు అప్పుడే నీటిలో కలుస్తాయి. అటువంటి గాలి తర్వాత ఒక రోజు ఆగి వెళ్ళడం మంచిది.

ఉరుములు వినిపిస్తే మాత్రం చర్చ లేదు. వెంటనే బయటికి రండి, కారులో కూర్చోండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్ళీ దిగకండి.

3. థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే పరీక్షించండి.

గ్లాసు నిండా మంచు ముక్కలు చితకగొట్టి వేసి, ఖాళీలు నిండేలా చల్లని నీరు పోసి, కలిపి మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు థర్మామీటరు మొనను మంచు మధ్యలో ఉంచాలి, గ్లాసు అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. అది సున్నా చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే ఫరవాలేదు, ఆ తేడాను నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసి, ప్రతి కొలతలోనూ సరిచూసుకోండి. రెండు డిగ్రీలకు మించితే వేరొకటి కొనండి.

4. ఒడ్డున అయిదు నిమిషాలు నిలబడి చూడండి.

సామాను దించుకోక ముందే ఈ పని చేయండి, ఎందుకంటే ఒకసారి దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు తెరిచాక వెనక్కి వెళ్ళడానికి ఎవరికీ మనసు రాదు. ముందుగా హెచ్చరిక బోర్డులు చదవండి. నీటిలో మలం నుంచి వచ్చే ఈ.కోలి క్రిములు 100 మిల్లీలీటర్లకు సగటున 200 దాటినా, నాచు విషం అనుమానం ఉన్నా ఇక్కడ బోర్డు పెడతారు.

తర్వాత నీటి రంగు చూడండి. క్రీ భాషలో ఈ సరస్సు పేరుకు అర్థమే బురద నీళ్ళు. అందుకే గోధుమ రంగు ఇక్కడ సహజం, దానికి భయపడనక్కరలేదు. అయితే ఆ రంగు వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది: నడుము లోతులో నిలబడి కిందికి చూస్తే మీ కాలివేళ్ళు మీకే కనిపించవు. ఒక పిల్లవాడు మునిగితే పైనుంచి చూసి కనిపెట్టడం దాదాపు అసాధ్యం. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే పిల్లలు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

భయపడవలసింది ఆకుపచ్చ రంగు పెయింటు ఒలికినట్టు ఉంటే. జూలై చివరి నుంచి, ముఖ్యంగా ఆగస్టులో, పొలాల నుంచి, పట్టణాల నుంచి కొట్టుకొచ్చిన ఫాస్ఫరస్ తిని నీలి-పచ్చ నాచు పెరుగుతుంది. మామూలు నాచు నుంచి దాన్ని వేరు చేయడానికి ఒక పుల్ల ముంచి పైకి తీయండి. పుల్లకు జుట్టు పోగుల్లా వేలాడితే మామూలు నాచు కావచ్చు. పుల్లను రంగు డబ్బాలో ముంచి తీసినట్టు పూత అంటుకుంటే అది నీలి-పచ్చ నాచని భావించి వెనక్కి రండి. ఇది ఇంటి పరీక్ష మాత్రమే; సందేహం ఉంటే దిగకపోవడమే పరిష్కారం. ఆ నీటిని కాచినా విషం పోదు కాబట్టి వంటకు, కాళ్ళు కడుక్కోవడానికి కూడా వాడకండి. కుక్కను తీసుకెళితే తాడు విడవకండి, ఒంటికి అంటిన నాచును అది నాకుతుంది.

5. రెండు లోతుల్లో కొలవండి.

ఇది మొత్తంలో ముఖ్యమైన పని, ఎక్కువమంది తప్పు చేసేది కూడా ఇక్కడే. థర్మామీటరుకు దారం కట్టండి. ఈత వచ్చిన పెద్దవారు ఒకరు మోకాలి లోతు దాకా నడిచి, పాదాల దగ్గరకు అది దిగేలా వదిలి, రెండు నిమిషాలు ఆగి చూడాలి. డిజిటల్ పుల్ల అయితే దాన్ని పూర్తిగా ముంచకుండా, వంగి, లోహపు మొనను మాత్రమే ముంచండి. మోకాలి దగ్గర 15 కంటే తక్కువ ఉంటే అక్కడే ఆపి బయటికి రండి, ఇంకా లోపలికి వెళ్ళి కొలవనక్కరలేదు. 15 పైన ఉంటే నడుము లోతుకు వెళ్ళి మళ్ళీ కొలవండి. నిర్ణయానికి తీసుకోవలసిన అంకె నడుము లోతులో వచ్చినది, అంటే రెండింటిలో సాధారణంగా తక్కువగా ఉండేది.

అంకెను నీటిలో ఉండగానే చదవాలి. పైకి తీసి, కళ్ళద్దాలు వెతుక్కుని చదివేలోపు గాలికి తడి ఆరుతూ మొన చల్లబడి, రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఎండ నేరుగా తగిలితే ఎక్కువ చూపిస్తుంది. చీలమండ లోతులో కొలవకండి, మధ్యాహ్నం ఇసుక వేడికి అక్కడి నీరు గోరువెచ్చగా మారిపోతుంది. గ్రాండ్ బీచ్ వెనుక ఉన్న మడుగులో కొలిచి సరస్సులో దిగడం మరో తప్పు: మడుగు వేరు, సరస్సు వేరు.

ఫోన్‌లో కనిపించే నీటి ఉష్ణోగ్రత సంగతి కూడా చెప్పాలి. అవి చాలావరకు ఉపగ్రహం చూసిన పైపొర అంకెలో, లెక్కగట్టిన అంచనాలో అయి ఉంటాయి. సరస్సు మధ్యలో తేలుతూ ఉండే కొలత పరికరం (బోయా) చెప్పేది నిజమైన కొలతే అయినా అది మీ ఒడ్డుది కాదు. ఇంటి నుంచి బయలుదేరాలా వద్దా అనే నిర్ణయానికి అవి చాలు, దిగాలా వద్దా అనేదానికి చాలవు.

6. అంకెను బట్టి నిర్ణయించుకోండి.

15 లోపు: ఎవరూ దిగవద్దు. పాదాలు తడుపుకోండి, ఫొటోలు తీసుకోండి.

15 నుంచి 18: చల్లటి నీటిలో ఈదడం అలవాటై, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) ఉన్న పెద్దలు మాత్రమే, అది కూడా పది నిమిషాలు. బహిరంగ జలాల్లో జరిగే అంతర్జాతీయ ఈత పోటీలు సైతం 16 డిగ్రీల లోపు నిర్వహించరు.

18 నుంచి 20: ఈత బాగా వచ్చిన పెద్దలు పావుగంట. పిల్లలు మోకాలి లోతులో, అయిదారు నిమిషాలకొకసారి బయటికి వస్తూ ఉండాలి.

20 నుంచి 23: చాలామందికి బాగుంటుంది. పిల్లలకు 20 నుంచి 30 నిమిషాలు, తర్వాత విరామం. పిల్లల శరీరం చిన్నది కాబట్టి పెద్దలకంటే త్వరగా వేడిని కోల్పోతుంది. వారికి చలి తెలియదు, ఆట తెలుస్తుంది. గడియారం మీరు చూడాలి.

23 పైన: గాలి లేని వేడి రోజుల్లో అరుదుగా వస్తుంది. నీరు హాయిగా ఉంటుంది, అయితే నాచుకు కూడా అవే రోజులు ఇష్టం. నాలుగో మెట్టులోని పుల్ల పరీక్ష మరోసారి చేయండి.

ఈ పట్టిక చూసి "21 అంటే తక్కువేం కాదుగా" అనుకునేవారికి ఒక పోలిక చెబుతాను. మీ పిల్లలు ఈత నేర్చుకునే ఇండోర్ పూల్ 27, 28 డిగ్రీలు ఉంటుంది. మన ఊళ్ళో వ్యవసాయ బావిలో నీళ్ళు ఏడాది పొడవునా పాతిక డిగ్రీల పైనే ఉంటాయి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది.

7. నడిచి దిగండి, దూకకండి.

ముందు ముఖం, మెడ, చేతులు, ఛాతీ తడుపుకోండి. నడుము లోతులో ఆగి, ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతూ ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టండి. ఊపిరి మీ అదుపులోకి వచ్చాకే భుజాలు ముంచండి. అరవై అయ్యేసరికి కూడా గుటకలు వేస్తున్నట్టు ఉంటే, ఆ రోజుకు ఆ నీరు మీకు సరిపడదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా 20 లోపు నీటిలో దిగకూడదు.

ఈ అరవై అంకె వెనుక ఒక లెక్క ఉంది. చల్లటి నీటిలో మనిషి శరీరానికి ఏమవుతుందో తన ఒంటి మీదే ప్రయోగాలు చేసి చూసిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మంచులాంటి నీటికి 1-10-1 అనే సూత్రం ప్రచారం చేశారు. మొదటి ఒక నిమిషం ఊపిరిని అదుపు చేసుకోవడానికి, తర్వాతి పది నిమిషాలు కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినే సమయం, చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. చల్లటి నీటిలో చాలామంది మునిగిపోయేది గంట గడిచాక కాదు, ఆ మొదటి నిమిషంలో నీరు మింగడం వల్ల, పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పడం వల్ల.

బావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న మిత్రులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ ఈత మీద నాకు సందేహం లేదు. అయితే బావిలో ఎటు నాలుగు బారలు వేసినా దరి చేతికి తగులుతుంది, పట్టుకుని ఊపిరి తీసుకుంటాం. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే లోపలికి కాకుండా ఒడ్డు వెంబడి, కాళ్ళు నేలకు అందే లోతులోనే ఈదండి. అలసట వచ్చిన చోట నిలబడండి.

8. బట్టల విషయంలో మొహమాటపడకండి.

చీరతో, చుడీదార్‌తో, జీన్స్‌తో దిగే అలవాటు మనలో ఉంది. నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, బయటికి వచ్చాక గాలికి చలిని ఇంకా పెంచుతుంది. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు, పొడవు చేతులవి, తల కప్పేవి కూడా దుకాణాల్లో దొరుకుతాయి. చున్నీ, మెడలో గొలుసులు ఒడ్డునే ఉంచండి. పిల్లలకు నారింజ, చిలకపచ్చ వంటి మెరిసే రంగులు వేయండి. నీలం, తెలుపు రంగులు ఈ నీటిలో కలిసిపోతాయి.

లైఫ్ జాకెట్ సరిపోయిందో లేదో చూడటానికి, తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది. చేతులకు తొడిగే గాలి బుడగలు, గాలి ట్యూబులు ఆటబొమ్మలు మాత్రమే, వాటిని రక్షణగా లెక్కించకండి.

9. బయటికి రావలసిన గుర్తు తెలుసుకోండి.

బొటనవేలితో అదే చేతి చిటికెనవేలిని తాకి చూడండి. తాకలేకపోతే, లేదా తాకడానికి ఆలోచించవలసి వస్తే, వెంటనే బయటికి రండి. పిల్లలతో దీన్ని ఆటలా అయిదు నిమిషాలకొకసారి చేయించండి. పెదవులు నీలంగా మారడం, మాట ముద్దగా రావడం, వణుకుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి వణకడం మానేయడం, ఇవి ఆలస్యంగా కనిపించే గుర్తులు. చివరిది కనిపిస్తే వెచ్చబడ్డాడని పొరపడకండి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

10. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి.

మునిగేవారు సాధారణంగా కేకలు వేయరు, చేతులు ఊపరు. తల వెనక్కి వాల్చి, నోరు నీటి అంచున ఉంచి, నిశ్శబ్దంగా నిచ్చెన ఎక్కుతున్నట్టు కనిపిస్తారు. ఒకరు 911కి ఫోన్ చేయాలి. మరొకరు తేలే వస్తువు ఏదైనా, కూలర్ డబ్బా మూత గానీ లైఫ్ జాకెట్ గానీ విసరాలి. దగ్గరలో ఉంటే టవలో, చున్నీయో ఒక కొస విసిరి, మీరు ఇసుకలో పడుకుని లాగండి. రక్షించబోయి రెండోవారు, మూడోవారు కూడా మునగడం మన పిల్లల విషయంలో చాలాసార్లు జరిగింది. మీరే చిక్కుకుంటే ఈదాలని చూడకండి. వెల్లకిలా తేలి, ఊపిరి కుదిరాక చెయ్యెత్తి పిలవండి.

11. బయటికి వచ్చాక వెంటనే తుడుచుకోండి.

ఒళ్ళు ఎండకు ఆరేదాకా ఆగితే రెండు నష్టాలు. ఒకటి చలి. రెండోది, నీటి పక్షులకు, నత్తలకు మధ్య తిరిగే ఒక సూక్ష్మ పరాన్నజీవి నీటి బొట్టు ఆరుతున్నప్పుడు మన చర్మంలోకి దూరి దురద దద్దుర్లు పుట్టిస్తుంది. టవలుతో గట్టిగా రుద్ది తుడిస్తే అది చాలావరకు పోతుంది. దద్దుర్లు వస్తే గోకకుండా చల్లటి గుడ్డ వేయండి, కొన్ని రోజుల్లో తగ్గుతాయి. తడి బట్టలు మార్చి, స్వెట్టరు, టోపీ వేసి, వేడి పాలు ఇవ్వండి. బాగా చలి పట్టినవారిని వెంటనే వేడి నీటి షవరు కింద నిలబెట్టకండి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మద్యం వేడి పుట్టిస్తుందనేది అపోహ. అది ఒంటి వేడిని బయటికి వదిలేస్తుంది.

మీ నిర్ణయం సరైనదేనా అని ఎలా తెలుసుకోవాలి?

వణుకును గమనించండి. పొడి బట్టలు వేసుకున్నాక పది, పదిహేను నిమిషాల్లో వణుకు తగ్గి, పిల్లలు తినడానికి అడుగుతుంటే మీరు ఎంచుకున్న సమయం సరిపోయింది. పావుగంట దాటినా పళ్ళు కొట్టుకుంటుంటే తర్వాతిసారి నీటిలో ఉండే సమయాన్ని సగానికి తగ్గించండి. అరగంటకు కూడా తగ్గకపోతే వైద్య సహాయం తీసుకోండి.

ప్రతి సారీ నోటు పుస్తకంలో ఒక వరుస రాయండి: తేదీ, గాలి ఉష్ణోగ్రత, గాలి దిక్కు, మోకాలి లోతు అంకె, నడుము లోతు అంకె, నీటిలో ఉన్న నిమిషాలు, వణుకు తగ్గిన నిమిషాలు. నా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: "జూలై 14, మధ్యాహ్నం 2 గంటలు, గ్రాండ్ బీచ్, గాలి 27, పడమర నుంచి మెల్లగా, మోకాలు 22.5, నడుము 21, పాప 25 నిమిషాలు, వణుకు 6 నిమిషాలు." దాని కింద ఆరు రోజుల తర్వాతి వరుస: "జూలై 20, గాలి 28, ఉత్తరం నుంచి మూడు రోజులుగా, మోకాలు 19, నడుము 17.5, దిగలేదు." గాలి మొదటి రోజు కంటే ఒక డిగ్రీ ఎక్కువే. పాప ఏడ్చింది, ఇసుకలో గుంత తవ్వి, బకెట్‌తో నీళ్ళు తెచ్చి పోశాం. సాయంత్రం ఆ గుంతలో కొలిస్తే 26 ఉంది, దాంట్లోనే కూర్చుని ఆడుకుంది.